టాంకీకి పిండి మూత

సకల జనుల సమ్మెలో బస్సులు బందయ్యాయి. రైళ్ల మీదా నమ్మకం లేదు. మా ఆలియాకు పీల్చే మందు అడుగంటింది. ఎనిమిది నెలల పిల్ల, ఊపిరి తీస్తే పిల్లికూతలు. ఇక్కడ జనగామలో ఇచ్చిన సిరప్‌తో తగ్గలేదు. తొలి కాన్పు మహబూబాబాద్‌లో మా పుట్టింట్లో జరిగింది కాబట్టి, పిల్లను మొదటినుంచీ చూస్తున్న డాక్టరమ్మ అక్కడే ఉంది. అక్కడికి చేరడానికి మాకున్నది మా పాత వ్యానొక్కటే.

ఎప్పుడో దేశం తిరగడానికి వచ్చిన విదేశీయులు హైదరాబాదులో అమ్ముకుపోయిన బండి అది. లోపల పరుపు, చిన్న పొయ్యి గట్టు, కిటికీలకు పూల తెరలు. మా అత్తమ్మ జహీరా బేగం పెళ్లిళ్లకు వంట చేస్తుంది. ఆమె బిర్యానీ వండే పెద్ద గుండిగలను, దేగ్‌లను, నా భర్త హైదర్ అందులో మోస్తాడు.

తుప్పు కడగడానికి టాంకీ దింపిన మెకానిక్ దీక్షా శిబిరంలో కూర్చోవడంతో హైదరే దాన్ని మళ్లీ ఎక్కించాడు. టాంకీ మీద రెండు సన్నని గొట్టాలున్నాయి. వాటికి తొడిగిన రబ్బరు పైపులు లోపలి ఆవిరిని చక్రం పక్కనుంచి బయటికి వదిలేవి. ఇప్పుడవి పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. పరుపు దాకా పెట్రోలు వాసన.

"ఈ వాసనల పిల్లను పండవెడితే ఇగ మందెందుకు? నేను ఎక్క," అన్నాను.

"దుకాణాలన్నీ బంద్ ఉన్నయ్. పైప్ ఎక్కడికెల్లి తేవాలె? జర కిటికీలు తెరుచుకొని పోదాం."

"జరుగుండ్రి," అంది అత్తమ్మ. "అంత పెద్ద దేగ్‌కు దమ్ పెడ్త, గింత పొక్కకు పెట్టలేనా?"

గోధుమపిండి గట్టిగా పిసికి, దమ్‌కు ఆవిరి పోకుండా దేగ్ మూత చుట్టూ పెట్టినట్టే ఆ గొట్టాల నోళ్లకు మెత్తింది. పైన గుడ్డ చుట్టింది. కాసేపటికి వాసన పోయింది.

"చూస్తివా బేటీ? పెట్రోల్ బిర్యానీ!"

నవ్వి ఎక్కాను. పాలకుర్తి దాటాక బండి దగ్గి ఆగింది. హైదర్ టాంకీ మూత తిప్పగానే గాలి సుయ్యిమని లోపలికి పోయింది. బండి కదిలింది. కొంత దూరం పోయి మళ్లీ అంతే.

"ఇంకా తుప్పు ఉన్నట్టుంది," అన్నాడు.

మూడోసారి ఆగేసరికి ఎదురుగా సమ్మెవాళ్ల వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, పక్కన వరసగా ఆటోలు. ఒకాయన చేతులూపుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఓ డ్రైవరన్నా! పెట్రోల్ బండిని పొయ్యిల కాడికి తెస్తవా? ఎనుకకు నూకుండ్రి!"

అందరూ కలిసి దూరంగా నెట్టారు. ఆయన పేరు బలరాం, తండా నుంచి వచ్చిన ఆటో డ్రైవరు. భార్య చంద్రి గరిటె పట్టుకునే వచ్చింది.

"పసిపిల్లతోని ఎటు చెల్లె?"

"దవాఖానకు పోవాలక్కా."

"దవాఖాన బండిని మేం ఆపం. గని బువ్వ తినే పోవాలె."

"బండి పోతె గదమ్మా, మీరు పోనిచ్చేది!" అంది అత్తమ్మ.

నేను నీడకు పోయి ఆలియాకు సీసా పట్టాను. పిల్ల పీలుస్తూ పీలుస్తూ ఏడుపందుకుంది. చూస్తే పాలపీక లోపలికి నొక్కుకుపోయింది. రోజూ చేసే పనే. మూత కొంచెం వదులు చేశాను. బుడగలు పైకి తేలాయి, పాలు దిగాయి. నా చెయ్యి మూత మీదే ఆగిపోయింది. టాంకీ మూత తీసినప్పుడు వచ్చిన ఆ సుయ్యిమనే చప్పుడు గుర్తొచ్చింది.

హైదర్ చెవి దగ్గర చెప్పాను. అత్తమ్మ చెవులు అంతకంటే చురుకు.

"ఏంది? నా దమ్‌కు వంక పెడుతున్నవా?"

సీసా ఎత్తి చూపించాను. "దమ్ మంచిగనే పడ్డది అమ్మీ. గందుకే టాంకీకి గాలి అందుతలేదు. మూత బిగిసిన పాలసీసా లెక్క."

ఆమె సీసా వైపు చూసింది, బండి వైపు చూసింది. తర్వాత లేచి, చెంచా కాడతో ఎండిన పిండిని తానే పెకిలించడం మొదలుపెట్టింది.

"అల్లా! ఏ పెళ్లికీ ఇంత గట్టిగ పెట్టలే!"

పిండి రాలింది. వాసన మళ్లీ వచ్చింది. పిల్లను గుండెకు హత్తుకుని దూరం జరిగాను. హైదర్ బలరాం దగ్గరికి పోయాడు.

"అన్నా, పెట్రోల్ పైప్ ముక్క ఏమన్న ఉన్నదా?"

"ఆటోకేద్దామని కొత్తది తెచ్చిన. సమ్మెల ఆటో యాడికి పోతది? తీసుకో."

దాన్ని రెండు ముక్కలు చేసి గొట్టాలకు తొడిగారు. కొసలు రెండూ చక్రం దగ్గరనుంచి బయటికి తీసి, సన్న తీగతో బిగించారు. పిల్లను చంద్రికిచ్చి నేనొక్కదాన్నే ఎక్కాను. కిటికీలు మూసి, పరుపుకు ముక్కు ఆనించి చాలాసేపు కూర్చున్నాను. వేయించిన ఉల్లిగడ్డ వాసన తప్ప ఏమీ లేదు.

"ఎక్కుండ్రి," అన్నాను.

పప్పన్నం తిన్నాక పొయ్యి రాళ్లు జరిపి దారిచ్చారు. ఆలియాను పరుపు మీద పడుకోబెట్టి, ఒక చెవి ఇంజను మీద, ఒక చెవి దాని ఛాతీ మీద పెట్టాను. పిల్లికూత సన్నగా ఉంది గాని పెరగలేదు. ఇంజను ఒక్కసారీ దగ్గలేదు.

డాక్టరమ్మ పిల్లకు మందు పట్టించి, ఊపిరి విని తల ఊపింది. కూత తగ్గింది.

"బస్సుల్లేవు గదా, ఎట్ల వచ్చిండ్రమ్మా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది.

"మా కోడలు దమ్ తీపిచ్చింది, వచ్చినం."