అవ్వ సాక్ష్యం

పాల్ వంగి పైపు నీళ్లను వెనక టైర్ల మధ్యకు కొట్టాడు. ఎండిన బురద పెళ్లలుగా ఊడి గచ్చు మీద పడింది. రాత్రి బద్వేలు దాకా పోయి వచ్చిన బస్సు అది. ఒక కిటికీ కింద ఎవరో వాంతి చేసుకున్న చార గట్టిపడి ఉంది. దాని మీద సబ్బు నీళ్లు చల్లి, అది నానేలోగా ముందు అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

ఆత్మకూరు డిపోలో తెల్లవారుజామున బస్సులు కడగడం అతని పని. ఇంటర్ చదివేటప్పుడు చేరాడు. ఇప్పుడు బీకాం రెండో సంవత్సరం. పని అయ్యాక అక్కడే కుళాయి దగ్గర స్నానం చేసి, సంచిలోని చొక్కా వేసుకుని కాలేజీకి పోతాడు. మనిషి పొడుగు, సన్నం. మొదటి గంటలో పెన్ను పట్టుకున్నప్పుడు కూడా వేళ్ల కొసలు నానిపోయి తెల్లగా, ముడతలు పడి ఉంటాయి.

ఆ రోజు ఆదివారం, కాలేజీ లేదు.

బస్సు లోపల ఊడుస్తున్న ఓబమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏంరా మిలిటరీ, ఉద్యోగంలో చేరేదానికి గుంటూరులో కనపడాల్సింది రేపేనంట కదా?"

"రేపు పొద్దునే."

"మరి ఈడ నీళ్లు కొడతా ఉండావేంది?"

"నేను పోవడంలేదక్కా. పరీక్షలుండాయి. నాయనకు చూపు ఆనడంలేదు."

ఓబమ్మ చీపురు ఆపి అతని ముఖంలోకి చూసింది. "మంచిదేలే. నువ్వు పోతే ఈ కంపంతా నా నెత్తిన పడుండేది," అని మళ్లీ సీట్ల కిందికి వంగింది.

పోను అనే మాట అతను పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక తేలిగ్గా ఉంటుందనుకున్నాడు. కానీ నానిన చారను బ్రష్‌తో రుద్దుతున్నంతసేపూ ఆ మాట పంటి కింద రాయిలా అడ్డం పడుతూనే ఉంది.

ఆలోచించకుండా అన్న మాట కాదు. సైన్యంలో ఉద్యోగం నాలుగేళ్లకే. ఆ తర్వాత కొందరిని మాత్రం ఉంచుకుని మిగతావాళ్లను ఇంటికి పంపేస్తారు. చేరితే డిగ్రీ సగంలో ఆగిపోతుంది. "మధ్యలో వదిలేస్తే మళ్లీ పట్టుకోవడం కష్టంరా," అని కాలేజీలో చంద్రశేఖర్ సారు రెండుసార్లు చెప్పారు. నాయన ఆదెయ్య అనంతసాగరం నుంచి ఆత్మకూరుకు షేర్ ఆటో తోలతాడు. పోయినేడాది నుంచి పొద్దువాలితే ఎదురొచ్చే దీపాలు ఆయనకు చెదిరిపోయి కనిపిస్తున్నాయి. సాయంత్రం ట్రిప్పులు పాల్ వేస్తున్నాడు.

పోవాలనడానికి ఉన్న కారణం ఒకటే. అది ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఎంపికల రోజు మైదానంలో చివరి మలుపు తిరిగాక తల ఎత్తి చూస్తే అతని ముందు ఎవరూ లేరు. అంత ఖాళీ నేల తన ఎదుట ఉండడం అతను ఎరగడు.

*

అనంతసాగరం పక్కనే వాళ్ల పల్లె. ప్రార్థన జరిగే గుడి ఒక రేకుల షెడ్డు. చాపల మీద ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు కూర్చున్నారు. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు, "సాక్ష్యాలు చెప్పేవాళ్లు చెప్పండి," అన్నారు.

రెబెకమ్మ లేచింది. ఆమె ఆదెయ్య తల్లి. తల్లి లేని పాల్‌ను పెంచింది ఆమే. తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకుని, కాళ్లు కట్టిన నల్లకోడిని చంకలో పెట్టుకుని నిలబడింది.

"దేవునికి స్తోత్రం. నా మనవడికి మిలిటరీ ఉద్యోగమొచ్చినాది. నా కృతజ్ఞత కింద ఈ కోడి."

కోడిని తీసుకుపోయి ప్రసంగ పీఠం ముందు పెట్టింది.

ఆ సంఘంలో కృతజ్ఞత ఎప్పుడూ జరిగినదానికే చెబుతారు. బిడ్డ పుట్టాక, జ్వరం తగ్గాక, బోరులో నీళ్లు పడ్డాక. ఒకసారి చెప్పి కానుక ముందు పెట్టారంటే ఆ పని అయిపోయినట్టే. ఆరాధన ముగిశాక దాన్ని వాకిట్లో వేలం వేస్తారు. వెనక్కి తీసుకున్నవాళ్లు ఇంతవరకూ లేరు.

చప్పట్లు మోగాయి. వెనక నుంచి ఎవరో పాల్ వీపు మీద చరిచారు. సంఘ పెద్ద యేసురత్నం అతనివైపు తిరిగి మీసం సవరించుకుంటూ తల ఊపాడు. పాల్‌కు చెవులు కాలాయి. కూర్చుంటే సాయంత్రానికి ఊరంతా కలిసి తనను బస్సెక్కిస్తుంది. లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, మా అవ్వ తొందరపడినాది. నేనింకా తేల్చుకోలేదు. పోనని అనుకుంటా ఉండాను."

చాపల మీద తలలన్నీ అతనివైపు తిరిగాయి.

"అట్టయితే కోడినేం చెయ్యమంటావురా? సగం కోసి, సగం తిరగనియ్యమంటావా?" అన్నాడు యేసురత్నం. కొందరు నవ్వారు.

"నా కోడి ఊసు నీకెందుకు యేసురత్నం?" రెబెకమ్మ గొంతు పెంచలేదు. పాల్ వైపు చూడకుండా అయ్యగారితోనే చెప్పింది. "రెండేండ్లు దాటినా వీడు లేచి నిలబడలేదు. ఇంక నడవడన్నారు. పెన్నలో గుంత తీసి, నడుము దాకా తడి ఇసుకలో పాతి నిలబెట్టేదాన్ని. వీడు ఏడస్తా ఉంటే నేనూ ఎదురుగా కూచొని ఏడ్చేదాన్ని. ఆ కాళ్లు మొన్న అంతమందిలో ముందొచ్చినాయంట. కోడి దానికిచ్చినాను. పోతాడో ఉంటాడో వాడిష్టం. నేను పొమ్మనలేదు."

అయ్యగారు, "కోడి ఇక్కడే ఉంటుందమ్మా," అని బైబిలు తెరిచారు.

పాల్ కూర్చున్నాడు. ఇసుక సంగతి ఇంతకుముందు ఎవరో ఎగతాళిగా అంటే విన్నాడు. అవ్వ నోట ఎప్పుడూ వినలేదు. ప్రసంగం నడుస్తోంది గానీ అతనికి ఒక్క మాటా ఎక్కడంలేదు. అవ్వ పొమ్మనలేదు. ఆలోచిస్తే నాయన కూడా ఎప్పుడూ ఉండమనలేదు. ఆయన కళ్లను తనే తెచ్చి అడ్డం పెట్టుకున్నాడు.

*

వాకిట్లో వేలం నడుస్తుంటే ఆదెయ్య రోడ్డు మీద ఆటో సీట్లు దులుపుతున్నాడు.

"నేను పోతాను నాయనా."

ఆదెయ్య గుడ్డ దులపడం ఆపలేదు. "ఇప్పుడే కదా అందరి ముందరా పోనన్నావు?"

"అన్నాను. నీ చూపు బాగలేదని చెప్పుకున్నాను. నిజానికి నాకే భయంగా ఉండాది."

"ఇప్పుడు లేదా?"

"ఉండాది. అయినా పోతాను."

ఆదెయ్య సీటు మీద కూలబడ్డాడు. "నా కండ్ల సంగతి నేను చూసుకుంటాలే. పొద్దుగూకేలోపల బండి ఇంటికి తెస్తా. సాయంత్రం గిరాకీ లేదనుకుంటా. నాలుగేండ్లకు పంపించేస్తేనో?"

"వస్తాను. మురికి బస్సులు అప్పుడూ ఉంటాయి."

"మరి చదువు?"

"ఆగిపోతాది," అన్నాడు పాల్. పరీక్షలకు మళ్లీ కడతాననీ, అక్కడ చదువుకుంటాననీ అనలేదు.

నల్లకోడిని వేలంలో పాడుకున్న యేసురత్నం దాన్ని తలకిందులుగా పట్టుకుని అటే వచ్చాడు.

"ఏం తేల్చుకున్నావురా?"

"పోతా ఉండాను మామా."

"ఆ మాటేదో లోపలే చెప్పుంటే ఈ కోడి రేటు ఇంకాస్త పైకి పోయేది కదరా," అంటూ సాగిపోయాడు.

పాల్ ఓబమ్మకు ఫోన్ చేశాడు. ఆమె తిట్టి, తర్వాత ముక్కు చీదింది. చంద్రశేఖర్ సారు, "పరీక్ష ఫీజు కట్టేసినావు కదరా," అన్నారు.

రెబెకమ్మ సాగనంపడానికి ఆత్మకూరు దాకా రాలేదు. గడపలో అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. చేసిన తర్వాత చెయ్యి తియ్యడానికి కొంచెం ఆలస్యమైంది.

"ఆడ చలంట. తల తడిపి తిరగబాక," అంది.

నెల్లూరు పోయి రాత్రి రైలు అందుకోవడానికి సాయంత్రం బస్సు చాలు. కానీ నాయన వెలుతురుండగానే ఇల్లు చేరాలని పాల్ మూడింటికే బయల్దేరదీశాడు. బస్టాండు బయట ఆటో వెనక సీట్లో కూర్చుని పరుగు బూట్లు వేసుకున్నాడు. నెల్లూరు బస్సు రాగానే ఆదెయ్య పరిగెత్తి, కిటికీలోంచి తువ్వాలు సీటు మీద వేశాడు. పాల్ ఎక్కి, ఆ తువ్వాలు మడిచి కిటికీలోంచి తిరిగి ఇచ్చాడు.

"పోయొస్తా నాయనా."

"పోయిరా."

బస్సు మలుపు తిరిగింది. ఆదెయ్య తువ్వాలు భుజాన వేసుకుని, "సాగరం, సాగరం," అని కేక వేశాడు. ముగ్గురు ఆడవాళ్లు ఎక్కారు. అనంతసాగరం చేరేసరికి ఇంకా ఎండ ఉంది.

దిగబోతూ ఒకామె, "ఎవరివో చెప్పులు మర్చిపోయినారే, పక్కన పెట్టేదా?" అంది.

"ఉండనీ అమ్మా," అన్నాడు ఆదెయ్య.

సీటు కింద నీలం రబ్బరు చెప్పులు, కుడిదాని తెగిన పట్టెకు పిన్నీసు పెట్టి ఉంది, మడమల చోట రెండు పల్లాలు నున్నగా అరిగి ఉన్నాయి.