భుజం మీది ప్లగ్గు

మా అపార్ట్‌మెంట్ పంజాగుట్టలో ఉంది. ముందున్న పచ్చిక బాగోగులు చూసే పని సంఘంవాళ్లు నాకు అప్పగించారు. గడ్డి కోయడానికి బోరబండ నుంచి ఐలయ్య వచ్చేవాడు. మా కరెంటు మిషన్ పాతది. స్విచ్ ఏనాడో చెడిపోయింది. ప్లగ్గు పెడితే చాలు, బ్లేడు తిరిగేది.

అందుకే బ్లేడు విప్పేముందు ఐలయ్య గోడ దగ్గర ప్లగ్గు పీకి, తీగతో సహా భుజం మీద వేసుకునేవాడు. బ్లేడు కదలకుండా చెక్కముక్క అడ్డం పెట్టి, అప్పుడు నట్టు తిప్పేవాడు.

“ఏంటి ఐలయ్యా, పెళ్లికొడుకులా కండువా వేసుకున్నావ్?” అని మా ఆవిడ కమలకుమారి నవ్వేది.

“గిది నా మీద ఉన్నంతసేపు నా వేళ్లు నాయే అమ్మా,” అనేవాడు.

నిరుడు ఆయుధపూజ నాటికి పాత బ్లేడు అరిగిపోయింది. అమీర్‌పేటలో కొత్తది కొన్నాం. ఐలయ్య బిగించి, బొట్టు పెట్టడానికి వీలుగా మిషన్‌ను పక్కకు వాల్చి ఉంచాడు. పసుపు, కుంకుమ, బంతిపూలు పెట్టాను. ప్లగ్గుకు కూడా బొట్టు పెడతానని చెయ్యి చాపాను. ఒక్క క్షణం తటపటాయించి, భుజం మీంచి తీసి ఇచ్చాడు.

మా నాన్నగారు హారతి అవగానే కుట్టుమిషన్‌ని ఒకసారి తొక్కేవారు. పూజ చేసిన యంత్రం మోగాలి అనేవారు. రాహుకాలం దగ్గరపడుతోందన్న తొందరలో నేను గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పెట్టాను. వెనక్కి తిరిగి చూడలేదు. ఐలయ్య నట్టు కింద చిక్కుకున్న పువ్వు తీస్తున్నాడు.

కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. సోమాజిగూడలో ఆపరేషన్ చేయించినా దక్కలేదు.

అడిగినవాళ్లందరికీ ఐలయ్య ఒకటే చెప్పాడు. “నేనే చూసుకోలే.” పక్కనే ఉండి కూడా నేను నోరు విప్పలేదు.

పూజ వేళే ఎందుకిలా చేశావు స్వామీ అని రోజూ దీపం ముందు అడిగాను. ఆయన్ని అడగడం సులువే. ఐలయ్య భార్య రుద్రమ్మకు చెప్పడమే నావల్ల కాలేదు.

ఈ ఏడు పూజకు ముందురోజు బోరబండ వెళ్లాను. రుద్రమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

“రుద్రమ్మా, ఆ రోజు ప్లగ్గు పెట్టింది నేనే.”

ఆమె తల ఎత్తలేదు.

“ఎరికే సారు. ఇంట్ల బల్బు మార్చాలన్నా ఫ్యూజు పీకి జేబుల ఏసుకునే మనిషి. ప్లగ్గు ఆయన భుజం మీదికెల్లి దానంతటదే పోతదా?”

“మరి నన్ను అడగలేదేం?”

“అడగొద్దని ఒట్టు పెట్టిచ్చుకుండు. గని ఏడాది సంది చూస్తున్న, మీరే వచ్చి చెప్తరని.”

అంతలో ఐలయ్య ఎడమచేత్తో నీళ్ల బిందె మోసుకుంటూ వచ్చాడు. మా ముఖాలు చూశాడు. బిందె దించి, చెయ్యి తుడుచుకున్నాడు.

“రేపు పూజకు బ్లేడు ఎవరు ఇప్పుతున్నరు సార్?”

“నేనే. స్విచ్ కూడా బాగుచేయించాం.”

“స్విచ్ బాగైనా సరే. ముందు ప్లగ్గు పీకి భుజం మీద ఏసుకోండ్రి. చెక్క అడ్డం పెట్టుండ్రి.” మళ్లీ బిందె అందుకున్నాడు. “మధ్యల ఎవరడిగినా ఇయ్యకుండ్రి.”

ఆ మాట అంటున్నప్పుడు అతను నావైపు చూడలేదు.