పదకొండు వాక్యాల కోసం ఎన్నిక

తెలుగు సంఘం ఉగాది సంచికకి సంపాదకురాలైన శ్యామసుందరి ప్రూఫు చదువుతూ ఆరో పేజీ దగ్గర ఆగిపోయింది. కథ చివర పదకొండు వాక్యాలు లేవు. జారిపోయాయేమోనని ఫైలంతా వెతికింది. ఎక్కడా లేవు. కోసినవాడు పనితనం తెలిసినవాడే, అతుకు కూడా కనపడనివ్వలేదు.

ఆ కథ షు లాన్‌ది. షు లాన్ ఇరవై ఆరేళ్లు చైనాలో ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్ది, కొడుకు దగ్గరికని ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ వచ్చింది. శ్యామసుందరి యూనివర్సిటీలో లెక్కలు చెప్పి రిటైరైంది. సన్నీబ్యాంక్ పేటలోని లైబ్రరీలో ప్రతి మంగళవారం ఒకే బల్ల దగ్గర కూర్చుని తొమ్మిదేళ్లుగా ఈవిడ చైనీసు నేర్చుకుంటోంది, ఆవిడ ఇంగ్లీషు నేర్చుకుంటోంది. షు లాన్ కథలూ రాసేది. ఈ కథ చైనాలో పత్రికకెక్కినప్పుడు సరిగ్గా ఈ పదకొండు వాక్యాలే ఎగిరిపోయాయి.

"కొయ్యమని ఎవరు చెప్పారు?" అని అప్పట్లో అడిగింది శ్యామసుందరి.

"ఎవరూ చెప్పరు. ఏది కొయ్యాలో మాకే తెలిసిపోతుంది. ఇతరుల కథల్లో నేనూ కోశాను" అంది షు లాన్, తల దించుకుని. "మా దేశంలో ఇప్పుడు మంచి కథలన్నీ వానల గురించి, ముసలివాళ్ల గురించి రాసినట్టే ఉంటాయి. చదివేవాడికి లోపలిది తెలుస్తుంది."

శ్యామసుందరి ఆ కథని తెలుగు చేస్తానన్నప్పుడు, తెలుగులో మాత్రం పూర్తిగా రావాలని, తన సొంత పేరుతోనే రావాలని షు లాన్ పట్టుబట్టింది. ఆ పదకొండు వాక్యాలు లోకంలో మొదటిసారి అచ్చయ్యేది తెలుగులోనే. శ్యామసుందరి మాట కూడా ఇచ్చింది. ఇప్పుడు ఆ మాట గాల్లో వేలాడుతోంది.

తెలుగు సంఘం అధ్యక్షుడు ద్వారకానాథ్ ఇంటికి ఆ మధ్యాహ్నమే వెళ్లింది. ఆయన రోడ్లూ వంతెనలూ కట్టిన ఇంజనీరు, చెడ్డవాడు కాదు. రెండుసార్లు చైనా వెళ్లొచ్చి అక్కడి రైళ్ల గురించి, పెళ్లికూతురి నగల గురించి చెప్పినట్టు మురిసిపోతూ చెబుతాడు.

"నేనే తీసేశాను మేడమ్. సన్నీబ్యాంక్‌లో మన చుట్టూ ఉన్నది చైనా వాళ్లే, ఫంక్షన్‌కి కూడా వస్తారు. వాళ్లని నొప్పించడం దేనికి?"

"రాసిందీ చైనా మనిషేనండీ."

"కానీ చూడండి, నలభై ఏళ్లలో ఆ దేశం ఎక్కడికి వెళ్లిపోయింది! అందరినీ అడుగుతూ కూర్చుంటే అయ్యేదా? మనం అడుగుతూనే ఉన్నాం, ఇంకా గుంతలు పూడుస్తూనే ఉన్నాం. గ్రోత్ కావాలంటే ఎవడో ఒకడు డిసైడ్ చెయ్యాలి."

"మరి నా ఫైల్లో చెయ్యి పెట్టేముందు నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"అడిగితే వద్దనేవారు" అన్నాడాయన నవ్వుతూ. "సంచికలో ఆఖరి మాట ప్రెసిడెంటుదని రూలు. ఆ లైన్లు అంత కావాలంటే మీరే ప్రెసిడెంటు అవండి."

ఆయన భార్య శేషుకుమారి కాఫీ కప్పులు బల్ల మీద పెడుతూ ఇద్దరి మొహాలూ చూసింది.

"సరే అయితే" అంది శ్యామసుందరి.

ఈ 'సరే' ఎంత పెద్ద మాటో తెలియాలంటే ఆ సంఘం సంగతి చెప్పాలి. అందులో ఏటా ఉగాదికి ముందు జరిగే ఎన్నిక అంటే ఏకగ్రీవమే. ముందురోజు ఫోన్లలో ఒక పేరు అనుకుంటారు, ఆదివారం చప్పట్లు కొడతారు, పులిహోర తింటారు. ద్వారకానాథ్ తొమ్మిదేళ్లుగా అలాగే అధ్యక్షుడు. పోటీ పెట్టడమంటే పదిమందిలో చీరకుచ్చెళ్లు పట్టి లాగినట్టు భావిస్తారు మనవాళ్లు. దేశం కాని దేశం వచ్చి, ఇక్కడ ఓటెయ్యకపోతే జరిమానా అని భయపడి పొద్దున్నే క్యూలో నిలబడతారు గానీ, సొంత సంఘంలో మాత్రం ఓటు అనేసరికి మర్యాద అడ్డొస్తుంది!

నామినేషన్ చేరిన సాయంత్రమే కార్యదర్శి దీపక్ ఫోన్ చేశాడు. "ఆంటీ, ప్లీజ్, విత్‌డ్రా చేసుకోండి. కమ్యూనిటీ స్ప్లిట్ అయిందంటారు. లెవెన్ లైన్సే కదా!"

"లెవెన్ లైన్సే కదా, వేసెయ్యమను, ఇప్పుడే విత్‌డ్రా చేస్తాను."

అతను నవ్వలేదు. నలుగురితో నారాయణ అనాలని ఇంకో ముగ్గురు చెప్పారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఒకావిడ ఆమె వినేలానే అంది. శ్యామసుందరికి ఒళ్లు మండింది. భయమూ వేసింది, ఎందుకంటే ఈ ఊళ్లో ఆమెకున్న మనుషులు వీళ్లే. అయినా ఫోను కట్టేసి, చీర ఇస్త్రీ చేసుకుంది.

ఆదివారం హాల్లో ఎనభై రెండు మంది సభ్యులు తేలారు. ఓట్ల డబ్బా లేదు, ఎప్పుడైనా ఉంటే కదా. పిక్నిక్‌కి కూల్‌డ్రింకులు మోసే ఐసుపెట్టె, ఎస్కీని తుడిచి బల్ల మీద పెట్టారు. ఇంగ్లీషులో రెండు పేర్లు రాసిన చీటీలు దీపక్ ప్రింటు తీసుకొచ్చాడు. ఎవరు లెక్కపెట్టాలన్నది పెద్ద చిక్కయింది. అందరూ ఎవరో ఒకరికి ఊరివాళ్లో, వియ్యంకులో. చివరికి, కథ ఆవిడదే అయినా ఎవరికీ చుట్టం కాదు, ఓటూ లేదని, శ్యామసుందరితో వచ్చిన షు లాన్‌నే పిలిచారు; ద్వారకానాథ్ కూడా సరేనన్నాడు.

ఇద్దరికీ చెరో ఐదు నిమిషాలు. ద్వారకానాథ్ కొత్త హాలు గురించి చెప్పాడు. శ్యామసుందరి మైకు అందుకుంది.

"కథలో ఒక పల్లె మీదుగా స్పీడు రైలు వేశారు. ఊరు ఖాళీ చేయించి అపార్టుమెంట్లు ఇచ్చారు. ఒక ముసలాయన ఆఫీసుకెళ్లాడు. సంచికలో మీకు కనపడనిది ఇదీ" అని, కాగితం తీసి చదివింది.

"'ఇల్లిచ్చాం, లిఫ్టిచ్చాం, గుమ్మం ముందుకి రైలొచ్చింది. ఇంకేం లోటు తాతా?' అన్నాడు ఆఫీసరు. 'ఏ లోటూ లేదు బాబూ. ఇల్లు మంచిదే. రైలూ మంచిదే. నన్నడిగి ఉంటే నేనూ సరే అనేవాణ్ణి. ఎవరూ అడగలేదు. ఆ సరే నా నోట్లోనే ఉండిపోయింది. అన్నం తిన్నా అడ్డొస్తోంది, పడుకున్నా అడ్డొస్తోంది. అది ఏ కౌంటర్లో ఇవ్వాలో చెప్పు. ఇచ్చేసి పోతాను.'"

కాగితం మడిచి, వెళ్లి కూర్చుంది.

షు లాన్ ఒక్కో చీటీ విప్పి, రెండు చేతులతో పట్టుకుని చదివి, పక్కన పెట్టింది. మూడుసార్లు లెక్కపెట్టింది. ద్వారకానాథ్‌కి నలభై ఏడు, శ్యామసుందరికి ముప్పై అయిదు.

ఓడిపోయింది. లేచి వెళ్లి ద్వారకానాథ్‌కి నమస్కారం పెట్టింది. ఆయన మొహంలో గెలిచిన కళ లేదు. ముప్పై అయిదు మంది ఎవరెవరా అని హాలంతా వెతుకుతున్నాడు.

"థాంక్యూ అందరికీ. ఇంక ఇష్యూ క్లోజ్ అయింది. కథ ఎడిట్ చేసినట్టే వెళ్తుంది. భోంచేద్దాం పదండి" అన్నాడు మైకులో.

"ఆగండి." వెనకనుంచి శేషుకుమారి. చేతిలో పులిహోర గరిటె అలాగే ఉంది. "మిమ్మల్ని ఎన్నుకున్నారు, బాగుంది. కథ కొయ్యమని మాలో ఎవరన్నారు? దానికీ ఓటు పెట్టండి."

"ప్రెసిడెంటుదే ఆఖరి మాటని రూలుంది కదా!"

"రూలు మార్చుకోడానికి మెంబర్లం ఇక్కడే ఉన్నాంగా."

"శేషూ, ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో మీరు నన్ను ఎప్పుడడిగారు కనక?"

హాలు గొల్లుమంది. నవ్వు ఆగాక కూడా ఎవరూ భోజనాల వైపు కదల్లేదు. "పెట్టండి, ఓటు పెట్టండి" అని ఒక మూలనుంచి వినిపించింది, తర్వాత ఇంకో మూలనుంచి. పక్కకి తీసిన కుర్చీలు మళ్లీ వరసల్లోకి లాగారు. దీపక్ ద్వారకానాథ్ వైపు ఒకసారి చూసి, చీటీల కోసం తెల్లకాగితాలు చింపడం మొదలుపెట్టాడు.

షు లాన్ కంగారుగా శ్యామసుందరి చెయ్యి పట్టుకుంది. "ఏమంటున్నారు? నేను సరిగ్గానే లెక్కపెట్టాను. మూడుసార్లు."

"తెలుసు. మళ్లీ లెక్కపెట్టాలట. ఈసారి నీ వాక్యాల మీద."

షు లాన్ లేచి, ఎస్కీని ఎత్తి బోర్లించి, లోపల ఒక్క చీటీ కూడా లేదని హాలు ఈ చివరనుంచి ఆ చివరదాకా అందరికీ చూపించి, బల్ల మీద నిలబెట్టింది.