బయమ్మ బరువు

వాన పడ్డ మరునాడు పొద్దున్నే ఓబుళేసు చేసే మొదటి పని పికప్ వెనక చక్రాలకు మోకు చుట్టడం. రెండో పని భార్య బయమ్మను విసిగించడం.

ఊరి నుంచి కుందుర్పి రోడ్డెక్కాలంటే ఎర్రమిట్ట దాటాలి. నాలుగు చినుకులు పడితే చాలు, ఆ మిట్ట తడిసిన సబ్బుబిళ్ళ అయిపోతుంది. ఆ పికప్‌ను లాగేవి వెనక చక్రాలే. బండి ఖాళీగా ఉంటే వాటికి పట్టు దొరకదు, ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. ఓబుళేసు టైర్లలో గాలి తగ్గించి చూశాడు. కందికంప పరిచాడు, గోనెసంచులు వేశాడు. వెనక బండరాళ్ళు పెట్టుకుంటే ఎక్కేది గానీ, వాటిని ఎత్తి దించేసరికి సగం రోజు పోయేది. బయమ్మ అయితే తనే ఎక్కుతుంది, తనే దిగుతుంది.

కోపం వస్తే బయమ్మ బరువెక్కుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్ళినాడు మగపెళ్ళివాళ్ళెవరో వంటకు వంక పెట్టినందుకు ఆమె ఎక్కిన ఎద్దులబండి ఇరుసు విరిగింది. ఊళ్ళో దాన్ని ఎవరూ వింతగా చూడరు. ఆమె ఇంటికొస్తే మంచం పక్కకు తీసి, అరుగు చూపిస్తారు. మిట్ట కింద బండి ఆగితే మాత్రం, దిగి తోసేవాళ్ళంతా ఆమెను తలా ఒక మాట అనాలి.

"బయక్కా, నీ సంగటిలో అన్నీ ఉండలేనంట గదా?"

"మీ నాయన పెద్ద పిసినారంట గదా?"

బయమ్మ మూతి బిగిసేది. ఆ బరువుకు బండి కింది కమాన్ కట్టలు కిర్రుమనేవి. చక్రాలు మట్టిని పట్టుకునేవి. పైకెక్కాక ఇంత బెల్లం ముక్క చేతిలో పెట్టి చల్లబరిచేవాళ్ళు. ఎనిమిదేళ్ళు ఇదే వరస! ఒక మనిషిని పనిగట్టుకుని ఏడిపిస్తున్నామే, ఆమెకెలా ఉంటుందని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు.

ఓబుళేసుకూ విసుగొచ్చింది, కాకపోతే మిట్ట మీద. కళ్యాణదుర్గంలో ఒక మెకానిక్ దగ్గర నాలుగు చక్రాలూ లాగే పాత పికప్ ఉంది. మూడుసార్లు వెళ్ళి చూశాడు. కిందికి దూరి తుప్పు గోకాడు. లివర్ వేస్తే ముందు చక్రాలు తిరగడం కళ్ళారా చూశాడు. దానికోసం, బయమ్మకు ఆమె నాయన రాసిచ్చిన రెండెకరాల చేనును బేరం పెట్టాడు. ఆమెకు చెప్పలేదు. విత్తనాలకు వేలిముద్ర వేయాలి, పాసుపుస్తకం పట్టుకుని రా అన్నాడంతే.

జూన్ చివర్లో వాన దంచింది. నేలలో పదును రెండు రోజులకు మించి నిలవదు, ఈలోగా విత్తనం పడాలి. సబ్సిడీ శనక్కాయల కోసం నల్లప్ప, ఇంకో నలుగురు రైతులు పికప్ ఎక్కారు. బయమ్మ ఎప్పటిలాగే వెనక ఇరుసుకు సరిగ్గా పైన కూర్చుంది.

మిట్ట కింద అందరూ దిగారు. సంగటిని అన్నారు, నాయనను అన్నారు. బండి మూడుసార్లు సగం ఎక్కి మూడుసార్లూ జారింది. అరిగిపోయిన మాటలకు ఆమెకు మునుపటంత కోపం రావడం లేదు.

"ఏమప్పా, ఇట్లయితే పదును పోతాది. గట్టిగా ఏమన్నా అను," అన్నాడు నల్లప్ప, మొహం మీది బురద తుడుచుకుంటూ.

ఓబుళేసుకు ఒళ్ళు మండింది. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "ఏమ్మే, విను! వేలిముద్ర విత్తనాలకు కాదు. నీ చేను అమ్ముతాండా. ఈ పొద్దే రిజిస్టరు. ఆ దుడ్లతో వేరే బండి తెస్తా. నీతో ఈ పీడ ఇంక నాకుండదు!"

ఈ దెబ్బకు ఏనుగంత బరువు ఖాయమనుకుని గేరేశాడు.

కమాన్ కట్టలు కిర్రుమనలేదు. బండి వెనక భాగం మూటలు దించినట్టు తేలిగ్గా పైకి లేచింది. చక్రాలు గాలికి తిరిగినట్టు తిరిగాయి.

"మా నాయన చేనా?" అంది బయమ్మ మెల్లగా. పాసుపుస్తకం రొంటిన దోపుకుని దిగింది. చీలమండ లోతు బురదలో ఆమె పాదం దిగబడలేదు. ఆరిన నేల మీద నడిచినట్టు మిట్టెక్కిపోయింది.

"తిట్టు మే! ఒక్క మాటన్నా తిట్టు!" ఓబుళేసు వెనకే పరిగెత్తి, రెండడుగులకే బోర్లా పడ్డాడు.

ఆమె రోడ్డు మీద బస్సు ఆపి కళ్యాణదుర్గం వెళ్ళింది. వరుసలో నిలబడి, తన పాసుపుస్తకం మీద తన విత్తనాలు తీసుకుంది. మధ్యాహ్నానికి అవి ఆటోలో మిట్ట దాకా వచ్చాయి. అక్కడినుంచి నల్లప్పవాళ్ళు సిగ్గుపడుతూ మోశారు. ఆడవాళ్ళు కూర్చుని పొద్దుగుంకేలోపు కాయలు ఒలిచారు.

మరునాడు, పదును ఆరకముందే, ఆ రెండెకరాల్లో ఎద్దుల గొర్రు తిరిగింది. బయమ్మ వెనక నడుస్తూ విత్తనం వదులుతోంది. ఓబుళేసు గట్టున నిలబడి బేరం వద్దని చెప్పి పంపానన్నాడు. ఆమె తలెత్తలేదు. ఎద్దులు వంకరగా పోతున్నాయన్నాడు, విత్తనం పలచగా పడుతోందన్నాడు. ఆమె విత్తనం వదులుతూ ముందుకు సాగింది. ఇక ఉండబట్టలేక చాలులోకి దిగి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంకా కోపం ఉండాదా మే?"

"లేదు," అంది బయమ్మ.

అది నిజమేనని ఆమె మొహం చూస్తే తెలిసిపోయింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఓబుళేసుకు మొదటిసారి భయం వేసింది.

"రోంత పక్కకు జరుగు," అంది ఆమె, కొత్త మనిషితో అన్నట్టు. "విత్తనం పడాల."