ఖాళీ జాగా

సున్నం వాసన నాకు పడదు. ముప్పై ఏళ్ల కింద ఈ ఇంటికి సున్నం వేస్తూనే నా కళ్లు పోయాయి. తొట్టిలో ఉడుకుతున్న సున్నం ఎగిరి మొహాన పడింది. నెల రోజులు దవాఖానలో ఉన్నాను. రెప్పలు రెండూ అతుక్కుపోయాయి, మళ్లీ విడలేదు. అందుకే ఆ రోజు పొద్దున గడపలో కూర్చుని బీడీలు చుడుతుంటే ముక్కుకు సున్నం తగలగానే చాట పక్కన పెట్టి లేచాను.

"ఎవల్రా అది? నా వాకిట్ల సున్నం పోస్తున్నదెవలు?"

"మురికినీళ్ల మోరీకి గీత గీస్తున్నమవ్వా. కొత్త మోరీ గిట్లకెల్లే పోతది."

"గిట్లకెల్లి అంటే? నా ఇంట్లకెల్లా?"

"గీడ ఇల్లు లేదవ్వా. డ్రోన్ నక్షల ఖాళీ జాగా అనే ఉన్నది."

గడపలో నిలబడ్డ మనిషితో ఇక్కడ ఇల్లు లేదంటాడు! వాడి తల పగలగొడదామని చేతికర్ర ఎత్తాను. "నన్నెందుకు కొడ్తవవ్వా, నేను కూలోన్ని. అభ్యంతరం ఉంటే ఆన్‌లైన్ల పెట్టుకోవాలంట. ఇయ్యాల ఐదింటికి బంద్ అయితది. రేపు జేసీబీ వస్తది," అన్నాడు. కర్ర దించేశాను.

నాకు ఉన్నది ఆ ఇల్లొక్కటే. రెండు గదులు, పైన రేకులు. మా ఆయన రామన్న పోయి ఆరేళ్లయింది, పిల్లల్లేరు. పట్టా నా పేరునే ఉంది. ఆ ఇంట్లో ఏ మూల ఏముందో చేతికి తెలుసు కాబట్టే నేను ఒకరి మీద ఆధారపడకుండా బతుకుతున్నాను. ఇంకో ఇంట్లో పడేస్తే పొయ్యి దగ్గరికి కూడా ఒకరు చెయ్యి పట్టి తీసుకుపోవాలి.

పట్టా కాగితం కొంగున చుట్టుకుని ఆటోలో సాగర్ దుకాణానికి పోయాను. బాన్సువాడలో ఎవరికి ఏ ఆన్‌లైన్ పని పడ్డా అతని దగ్గరికే పోతారు. అతను నా ఫోన్ తీసుకుని చూశాడు.

"అవ్వా, పన్నెండు రోజుల కిందనే నోటీసు వచ్చింది గదా!"

"నా ఫోను అన్నీ చదివి వినిపిస్తది. ఇదొక్కటి చదవలే. బొమ్మ, బొమ్మ, బొమ్మ అన్నది. చీరల దుకాణపోళ్లది అనుకున్న."

"నోటీసును ఫోటో తీసి పెట్టిన్రు. ఫోటోను ఫోను చదవదు."

డ్రోన్ సర్వే తేదీ కూడా ముందుగానే చాటారట. ఎక్కడ? వెబ్‌సైట్‌లో. డప్పు కొట్టి ఒక్క మాట చెబితే వాళ్ల సొమ్మేం పోయేది?

సాగర్ డ్రోన్ తీసిన ఫోటో తెరిచాడు. "నీ ఇంటి మీద ఆకుపచ్చగ ఏమున్నదవ్వా? చుట్టూ గడ్డి, నడుమ పచ్చగ. కంప్యూటర్ అంతా గడ్డే అనుకున్నది."

ఆ పచ్చటిది నా పరదా.

మా ఇంటి వెనక కాలువ, కాలువ అవతల రాజాబాబు వరిపొలం. ఆయన రెండేళ్లుగా డ్రోన్‌తో మందు కొట్టిస్తున్నాడు. పోయినేడు ఆ తుంపర గాలికొచ్చి, రేకుల చిల్లుల్లోంచి తంబాకు చాటలో పడింది. వారం పాటు చుట్టిన బీడీలను కార్ఖానాలో వాసన చూసి వెనక్కి కొట్టారు. అప్పుడు మా మరిది దత్తుకు చెప్పి రేకుల మీదికి పరదా కట్టించాను. గుయ్యిమని మోత వినబడితే చాలు, లోపలి నుంచి తాడు లాగుతాను, పరదా పరుచుకుంటుంది. సర్వే డ్రోన్ వచ్చిన రోజు కూడా మోత విన్నాను. మందు కొట్టేదే అనుకున్నాను. పరుగున పోయి నా చేతులతో నేనే తాడు లాగాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే కదా!

"ఏడ్వకవ్వా, అభ్యంతరం పెడదాం. ఇల్లుగలోళ్ల మొహం చూపిస్తే చాలు," అని సాగర్ నన్ను ఫోన్ ఎదుట కూర్చోబెట్టాడు. ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు తియ్యగా పలికింది. "దయచేసి కళ్లు ఆర్పండి."

నేను మొహం బిగించాను. నుదురు ముడిచాను.

"దయచేసి కళ్లు ఆర్పండి."

వేళ్లతో రెప్పలు పట్టి లాగాను. అతుక్కున్న చర్మం మండింది.

"దయచేసి కళ్లు ఆర్పండి. మీరు సజీవంగా ఉన్నట్టు నిర్ధారణ కాలేదు."

"నీ నోట్ల మన్నుబొయ్య! సచ్చినోళ్లు గిట్ల తిడ్తరానే?" అని అరిచాను. దుకాణంలో ఉన్నవాళ్లెవరో నవ్వి, వెంటనే ఊరుకున్నారు. తర్వాత వేలిముద్ర మిషన్ పెట్టాడు. పదివేళ్లూ పెట్టించాడు, ఒక్కటీ పడలేదు. నలభై ఏళ్లు ఆకు చుట్టిన వేళ్లవి, గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. సాగర్ తన మొహం పెట్టి చూశాడు. పేరు కలవలేదంది. అప్పటికి రెండున్నర అయింది.

దుకాణం మూసేసి నన్ను బండి మీద సర్వే ఆఫీసుకు తీసుకుపోయాడు. అక్కడ సౌమ్య అని ఒక మేడం ఉంది, గొంతు మెత్తన. పట్టా ఇచ్చాను. నా రెప్పలు ముట్టుకుని చూడమన్నాను. ముట్టుకోలేదు.

"అమ్మా, నాకు అర్థమైతుంది. కానీ కాగితం తీసుకునే రూల్ లేదు. అన్నీ ఆన్‌లైన్లనే రావాలె."

"ఆన్‌లైన్ నాకు కళ్లు ఆర్పమంటది బిడ్డా. నేనేడికెల్లి తేవాలె కళ్లు?"

"మా వెబ్‌సైట్ దివ్యాంగులకు కూడా పనికొస్తదని సర్టిఫికెట్ ఉన్నదమ్మా."

"ఆ సర్టిఫికెట్ ఇచ్చినోనికి కళ్లున్నయా?"

కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్క దారి ఉన్నదమ్మా. మీ హక్కు కుటుంబంల ఎవరికన్న రాసిస్తే, వాళ్లు తమ పేరు మీద అభ్యంతరం పెట్టొచ్చు," అంది.

"రాసియ్యాలంటే మళ్ల కళ్లు ఆర్పాల్నా?"

"లేదు. దానికి కాగితం మీద వేలిముద్ర చాలు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక్క పూట గడువిమ్మని కాళ్లు పట్టుకోబోయాను. ఆమె కుర్చీ వెనక్కి జరిపి, "తారీఖు కంప్యూటర్ చేతిల ఉన్నదమ్మా, నా చేతిల లేదు," అంది. ఆ గొంతులో ఏడుపుంది. ఆ ఏడుపు నాకెందుకు? నాకు ఇల్లు కావాలి.

సాగర్ దుకాణానికి తిరిగొచ్చి దత్తుకు ఫోన్ చేశాను. మహమ్మద్ నగర్‌లో ఉంటాడు, ట్రాక్టర్ నడుపుతాడు. నాలుగు దాటాక దుమ్ము వాసనతో, ఆయాసంతో దుకాణానికి వచ్చాడు. "వదినె, నాకొద్దు నీ ఇల్లు. ఇంకేమన్న చూద్దాం," అన్నాడు. నిజంగానే అన్నాడు. వాడు చెడ్డవాడయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

"టైమెంత, సాగర్?"

"నాలుగు ఇరవై, అవ్వా."

"పెట్టు కాగితం."

సాగర్ నా బొటనవేలిని సిరాలో ముంచి కాగితం మీద నొక్కాడు. పొద్దుటి నుంచి ఏ మిషనూ ఒప్పుకోని వేలు అది. "పడిందా?" అని అడిగాను. "పడింది," అన్నాడు. గీతలు లేవు, నల్లటి మచ్చ పడిందట, అది చాలట. ఆ కాగితాన్ని సాగర్ ఆన్‌లైన్‌లో ఎక్కించాడు. దత్తు ఫోన్ ముందు కూర్చున్నాడు. దయచేసి కళ్లు ఆర్పండి అందా గొంతు. ఒక్కసారి ఆర్పినట్టున్నాడు. ధన్యవాదాలు, మీ అభ్యంతరం స్వీకరించబడింది అంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంటి యజమాని పేరు దత్తు అని సాగర్ చదివి వినిపించాడు.

సాగర్‌కు దండం పెట్టి దత్తు బండెక్కాను. దారంతా వాడు చెబుతూనే ఉన్నాడు. "నీకేం ఫికర్ లేదు వదినె. నువ్వున్నన్ని రోజులు నువ్వే ఉండు. నేనేం అడగ, నా పెండ్లాం కూడ ఏం అనది. చిల్లుల రేకులు మారుస్త, ఆ పరదా తీసేద్దాం."

ఊఁ కొట్టాను. వాడి మాటల్లో తప్పు పట్టడానికి ఒక్క ముక్క దొరకలేదు.

వాకిట్లో బండి ఆగింది. సున్నం వాసన ఇంకా పోలేదు. ఏడడుగులకు గడప, ఎన్ని వేలసార్లు వేశానో ఆ అడుగులు. కానీ మూడో అడుగు దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. దత్తు నాకంటే ముందు పోయి తలుపు తీశాడు. పాపం, గుడ్డిది తడబడుతోంది అనుకున్నట్టున్నాడు. గడపలోంచి ఎంతో ప్రేమగా పిలిచాడు.

"రా వదినె, లోపలికి రా."

ముప్పై ఏళ్లలో ఆ ఇంట్లోకి నన్ను ఎవరూ రమ్మని పిలవలేదు.