కరిగించే మందు

నన్ను కొన్నవాళ్ళే నాతో పని పడకూడదని మొక్కుకుంటారు. నేను ఒక చిన్న గాజు సీసాను. నా కడుపులో ఉన్నది చిటికెడు తెల్లని పొడి. ముడతలు పూడ్చడానికి ముఖంలోకి ఎక్కించిన ఫిల్లర్ దారి తప్పితే, దాన్ని కరిగించడం నా పని.

ఫ్యాక్టరీలో పుట్టి, ఐసు పెట్టెలో ప్రయాణం చేసి, గుంటూరులో డాక్టర్ నజ్నీన్ గారి క్లినిక్ చేరాను. అద్దాల తలుపు ఫ్రిజ్‌లో పై అర ఫిల్లర్లది. వాటి కోసం జనం వారాల తరబడి ఎదురుచూసేవారు. కింది అరలో నేనూ, నా తోబుట్టువులూ. మాకోసం ఎవరూ రాలేదు. మనుషులకు నింపుకోవడం మీదున్న మోజు ఖాళీ చేసుకోవడం మీద ఉండదు కదా!

ఒక మధ్యాహ్నం వకుళ, కుసుమ వచ్చారు. యాభై ఆరేళ్ళ కవలలు. బళ్ళో డ్రిల్లు టీచరుగా ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి వకుళ ముఖం వాడిపోయింది. బ్యాంకు ఉద్యోగి కుసుమ ముఖం ఇంకా నిగనిగలాడుతోంది. ముక్కు పక్కనుంచి నోటిదాకా దిగిన గీతలు పూడ్పించుకోవడానికి వచ్చింది వకుళ.

సూదులు వేయడం అయింది.

"నొప్పిగా ఉందా అమ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

"అబ్బే, ఏం లేదండీ" అంది వకుళ. దుప్పటి అంచు మాత్రం ఆమె పిడికిట్లో నలిగిపోతోంది.

అది చూసి కుసుమ దగ్గరికొచ్చి వంగింది. "డాక్టరుగారూ, దీని పైపెదవి చూడండి! సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది."

డాక్టరుగారు వేలితో నొక్కి వదిలారు. రంగు తిరిగి రాలేదు. ఆవిడ గొంతు మారిపోయింది. "ఫిల్లర్ రక్తనాళాన్ని మూసేసింది. వెంటనే కరిగించాలి. ఆలస్యమైతే అక్కడి చర్మం చచ్చిపోతుంది."

"కరిగిస్తే మళ్ళీ పాత మొహమేనా?" అంది వకుళ.

"అవునమ్మా."

"అయితే కాసేపు చూద్దాం లెండి."

"పిచ్చిదానా! నాలా ఉండమని ఎవరడిగారే నిన్ను?" అని అరిచింది కుసుమ.

"నువ్వే! పెళ్ళిళ్ళలో ఫొటోలు దిగేటప్పుడు నన్ను వెనక్కి నెట్టింది ఎవరే?"

కుసుమ కళ్ళు దించుకుంది. "నేనేనే. సిగ్గుపడ్డాను. ముందు సూది వేయించుకో. తర్వాత ఎంతసేపైనా తిట్టు."

వకుళ కళ్ళు మూసుకుని తల ఊపింది.

నా తోబుట్టువులు ఒక్కొక్కరే ఖాళీ అయ్యారు. పెదవి ఇంకా తెల్లగానే ఉంది. చుట్టూ ఊదారంగు గీతలు వల అల్లుతున్నాయి. అరలో మిగిలింది నేనే. డాక్టరుగారు నా మూత తీసి పొడిలో సెలైన్ కలిపారు. సూదిలోంచి వకుళ చర్మం కిందికి దిగాను. ఆమె వయసు దాచిన ఫిల్లర్‌ను కొరుక్కుంటూ ముందుకు పోయాను. డాక్టరుగారు మర్దనా చేశారు, నొక్కారు, వదిలారు. తెలుపే. మళ్ళీ నొక్కి వదిలారు. ఈసారి అంచునుంచి సన్నగా ఎరుపు పాకింది.

డాక్టరుగారు గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలారు.

ఖాళీ సీసాగా మిగిలిన నన్ను చెత్తబుట్టలో పడేశారు. అక్కడినుంచి ఏమీ కనబడదు, వినబడుతుంది అంతే. వాచిన పెదవితో వకుళ మాట ముద్దగా వచ్చింది.

"కుర్చీ ఇటు లాక్కోవే. తిట్టాల్సింది చాలా ఉంది."

కుర్చీ నేలమీద కిర్రుమంటూ దగ్గరికి జరిగింది.