ఫల్గుణ పాటకు అరవయ్యేళ్లు

కాఫీ పళ్లు కోసేటప్పుడు పాడుకోవడానికి ఫల్గుణ ఒక పాట కట్టాడు. అరకు అవతలి ఆ కొండవాలులో దాన్ని పాడని ఆడమనిషి లేదు. ఆయన పోయి రెండేళ్లయింది. మొన్నామధ్య పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, ఆ పాటను సెల్‌లో పట్టుకుపోయి, తన పేరు తగిలించి యూట్యూబులో పెట్టేశాడు. సిగ్గన్నా ఉండాలి కదా!

ఫల్గుణ కూతురు నీలవేణి ఊరుకోలేదు. తండ్రి తన ఫోన్‌లో పాడి దాచుకున్న పాటను తీసుకుని పార్వతీపురంలో వకీలు సర్వేశ్వరరావు దగ్గరికి వెళ్లింది.

"పాట కట్టినవాడు బతికున్నంత కాలం ఆయనది. పోయిన మరుసటి ఏడాది నుంచి అరవయ్యేళ్లు వారసులది. ఈలోగా మీ అనుమతి లేకుండా ఎవరూ సొంతం చేసుకోకూడదు," అన్నాడాయన. ఒక్క నోటీసుతో వీడియో మాయమైంది. నీలవేణి ఆ సంగతీ, వకీలు చెప్పిన అరవయ్యేళ్ల మాటా ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది.

ఆ వారమే కోత మొదలైంది. తోటలో పళ్లు గంపల్లో పడుతున్న చప్పుడు తప్ప ఒక్క గొంతూ లేవలేదు.

"ఏటత్తా, ఎవులూ పాడరేటి?" అని పక్క చెట్టు దగ్గరున్న ముసలి సోనిని నీలవేణి అడిగింది. ఫల్గుణ పాట కట్టిననాడు మొదట గొంతు కలిపింది ఆవిడే.

"అరవయ్యేళ్లు ముట్టకూడదంట కదే. ఊరు కొత్త పండగ సేసి దేవతకి పెట్టకుండా తొలి మామిడికాయ కొరుకుతామేటి? ఇదీ అంతే."

నీలవేణి కోస్తున్న కొమ్మ వదిలేసింది. ఆ పట్నం మనిషి ఒక్క పూటలో ఎత్తుకుపోయిన పాటను వీళ్లు నోరు కట్టుకుని కాపాడుతున్నారు. ఎంత గొప్ప మనుషులు! ఆ వెనకే భయమేసింది. అన్నేళ్లు ఎవరూ పాడకపోతే అయ్య పాట మిగులుతుందా?

సిగ్నల్ కోసం గట్టెక్కి వకీలుకు ఫోన్ చేసింది. ఆయన నవ్వాడు. "పనిలో పాడుకుంటే చట్టం ఎందుకు కాదంటుందమ్మా? పైగా హక్కు మీది. పాడమని మీరంటే చాలు."

నీలవేణి పరుగున దిగొచ్చింది. "పాడండే! మా అయ్య పాట మీరంతా పాడాల. సట్టం వద్దనలేదు!"

సోని గంప దించింది. "నిజమేనా? అరవయ్యేళ్లంటే ఈ బతుకులో మరి పాడననుకున్నాను గుంటా."

"మరి నన్నొక్క మాట అడగలేకపోయావా అత్తా?"

"మీ అయ్యకి సట్టం ఇచ్చిన మర్యాద అది. నా కోసరం తగ్గించమంటానా?"

సోని మళ్లీ కొమ్మ వంచి, వణికే గొంతుతో పాట ఎత్తుకుంది. రెండో చరణానికి తోటంతా అందుకుంది. నీలవేణి ఒక్కతే, ఏడుపు ఆగక, పాడలేకపోయింది.